చేతులు ఆన్చకుండా

నాలుగున్నరకి కూర్మయ్య తాత గడియ తీసే చప్పుడు.
పర్లాకిమిడిలో మా సందుకి అదే అలారం.
ఎనభై ఒకటి నిండిన మనిషి
గడప మీద కూచోడు,
ఒంటికాలి మీద నిలబడి చెప్పు పట్టీ బిగిస్తాడు.
గోడ పక్కనే ఉంటుంది. ముట్టుకోడు.

నాకు యాభై నాలుగు.
తహసీలు ఆఫీసు కుర్చీ, నేనూ
ఒకరి ఆకారానికి ఒకరం వచ్చేశాం.
బరంపురం డాక్టరు చక్కెర రిపోర్టు మీద
ఎర్రసిరాతో ఒక్క ముక్క గీశాడు: నడువు.
‘దీనికా ఆరొందలు?’ అంది మా ఆవిడ.

అలా తాత వెనక పడ్డాను.

ముప్ఫై మూడేళ్ళు కీమేన్ ఆయన.
భుజాన సుత్తి, చంకలో రెండు జెండాలు,
కాశీనగరం వైపు చిన్న రైలు పట్టాల మీద
వదులైన మేకుల్ని
బడి ఎగ్గొట్టిన పిల్లల్ని లాక్కొచ్చినట్టు
ఒక్కొక్కదాన్నీ లోపలికి కొట్టేవాడట.
రైలు పెద్దదయింది. పట్టాలు ఎడంగా జరిగాయి.
తాత అడుగుది మాత్రం పాత కొలతే.
తారురోడ్డు మీద కూడా
స్లీపరు నుంచి స్లీపరుకి వేసినట్టు
పొట్టిగా, గురి తప్పకుండా.
నేనేమో నాలుగడుగులు ఉరికి, రెండు నిమిషాలు ఆగి
మహేంద్రతనయ వంతెనకి
కమ్మరి తిత్తిలా చేరతాను.

‘కష్టం చేసిన ఒళ్ళు కదా తాతా, అందుకే ఇలా ఉన్నావు’
అన్నానోసారి.
నవ్వలేదు.
‘కష్టవా? మా గేంగుల పదకొండుగురం బావూ.
కష్టం నడుములు ఇరగ్గొట్టింది.
సవర లక్కయ మోకాళ్ళు, దండాసి ఎన్నుపూస,
అన్నీ ఆ కంకర కిందే ఉన్నాయి.
రిటైరైన మర్నాడు
ఎవుడూ రమ్మనకుండా లెగిసినాను సూడు,
నా ఒళ్ళు నాదయింది ఆ పొద్దునే.’

మంచినీళ్ళ వంకతో ఒకరోజు వాళ్ళ అరుగెక్కాను.
లోపల మంచం మీద అసిరమ్మ.
మూడేళ్ళ కిందట ఎడమపక్క పడిపోయింది.
తాత మంచం ముందు గొంతుక్కూచున్నాడు,
మడమలు నేలకి అంటి.
ఆమె కుడిచేతిని మెడచుట్టూ వేసుకుని
రెండు చేతుల్లోకీ ఆమెను తీసుకున్నాడు.
ఆన్చడానికిక చేతులేవీ?
ఒక్క ‘ఊఁ’. అంతే.
తొడల్లోంచి లేచాడు,
సైడింగులోంచి బండి కదిలినంత నెమ్మదిగా.
‘మెల్లగరా సచ్చినోడా! నానేటి, మేకునా?’
ఆమె తిట్టు అతని చెవి పక్కనే పుట్టి
ఎండదాకా వెళ్ళింది.

పెరట్లో పీట. పీట పక్కన సత్తుచెంబు.
పడిపోయిన చేత్తో ఎత్తాలి. పదిసార్లు.
పక్కింటి పాణిగ్రాహి మనవడు పఖాళొ గిన్నెతో వచ్చి
ఎకొ, దుయి, తిని అని లెక్కపెడతాడు.
నాలుగు దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది.
‘మొదట్ల ఉత్త చెంబే,’ అన్నాడు తాత నాకేసి తిరక్కుండా,
‘ఇప్పుడు గుక్కెడు నీళ్ళు పోస్తన్నాను. దానికి సెప్పీకు.’
‘నాకు తెల్దేటి!’ అంది అసిరమ్మ.
ఐదు.

ఆ రాత్రి గది తలుపేసుకుని
నేలమీద కాళ్ళు మడిచి కూచున్నాను.
చేతులు గుండెలకి కట్టుకుని లేవబోయాను.
పుస్తకాల బీరువా ఊగింది, నేను పట్టుకోవడంవల్ల.
చప్పుడికి మా ఆవిడ తొంగిచూసింది.
‘ఏం పడేసుకున్నారు?’
‘వెతుకుతున్నా,’ అన్నాను.

వానలొచ్చాయి, వంతెన కింద ఏరు ఎర్రబారింది.
తాత గొడుగేసుకుని నడిచాడు, నేను తడుస్తూ.
చక్కెర కొంచెం దిగింది.
బెల్టుకి ఇంకో బెజ్జం పొడిపించుకున్నాను
పాత బజారు చెప్పులాయన దగ్గర.
నేలమీంచి లేవడం ఇంకా పూర్తిగా రాలేదు.

నిన్నటికి
ఒక చెయ్యి తగ్గింది.